నలభై ఐదేళ్ల చీర

ఓడ ఎక్కడానికి నెల ముందే ఉజ్వల వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక పెట్టింది. ఏ రోజు డిన్నర్‌కి ఎవరు ఏం వేసుకోవాలో అందులో ఉంది. రోజుకో రంగు, రోజుకో తీరు. రెండో రోజు ఓడలో ఫార్మల్ నైట్. ఆ రోజు ఆడవాళ్లందరూ పట్టుచీరలు, మగవాళ్లు సూటు గాని పట్టుపంచె గాని. అమెరికాలోని అరోరా నుంచి పదకొండు కుటుంబాలు, ముప్పై ఎనిమిది మంది. పట్టిక కింద బొటనవేళ్లు వరసగా లేచాయి.

ఓడవాళ్లు పంపిన కాగితంలో ఇంత పట్టింపు లేదు. రెండో రోజు డిన్నర్‌కి నిక్కర్లు, రబ్బరు చెప్పులు వద్దనీ, మిగతాది ఎవరికి మర్యాదగా తోచింది వాళ్లు వేసుకోవచ్చనీ, ముస్తాబు ఇష్టం లేనివాళ్లు పై అంతస్తులో బఫేకి వెళ్లవచ్చనీ ఉంది. ఉష ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇరవై నాలుగేళ్లు బ్యాంకులో టెల్లర్‌గా పనిచేసిన మనిషి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవడం ఆమెకు అలవాటు.

"దాంట్లో అంత చదివేదేముంది? మెరూన్ చీర పెట్టుకో," అన్నాడు కృష్ణమూర్తి.

ఆ ప్రయాణం వాళ్ల పేరు మీదే జరుగుతోంది. వాళ్ల పెళ్లై నలభై ఐదేళ్లయింది. కృష్ణమూర్తి అరోరా తెలుగువాళ్లకి పెద్దదిక్కు. సంఘంలో రెండుసార్లు ప్రెసిడెంటు, గుడి కమిటీలో పదేళ్లు. ఎవరింట్లో శుభకార్యమైనా మైకు మొదట ఆయన చేతికే ఇస్తారు. "అంకుల్, ఆంటీ మనకి రోల్ మోడల్స్. మనమే సెలబ్రేట్ చేయాలె," అని ఉజ్వలా, ఆమె భర్త శ్రీరామ్ అందర్నీ పోగుచేశారు.

చాండ్లర్‌లో ఉన్న కూతురు అవనికి సెలవు దొరకలేదు. బయల్దేరే ముందు ఉష ఫోన్ చేసింది.

"రెండో రోజు చీర కట్టుకోవాలంటున్నారే. మోకాళ్లు ఎలా ఉన్నాయో నీకు తెలుసుగా. ఆ మెట్లూ, ఆ కుచ్చిళ్లూ..."

"అమ్మా, జస్ట్ ఏదో ఒకటి వేసుకో. ఇట్స్ వన్ డిన్నర్," అంది అవని. వెనక ఎవరో పిలుస్తున్నారు. "నాన్న హ్యాపీ అవుతాడంటే కట్టేసెయ్. ఓకే?"

ఉష మెరూన్ చీర పెట్టుకుంది. ఎందుకైనా మంచిదని, బ్యాంకు నుంచి రిటైరైన రోజు వేసుకున్న నల్లప్యాంటూ బూడిదరంగు పట్టుచొక్కా కూడా అడుగున పెట్టుకుంది.

*

మొదటిరోజు మధ్యాహ్నం ఓడ రేవులోనే ఉండగా కృష్ణమూర్తి క్యాబిన్‌లో అద్దం ముందు నిలబడి ఉపన్యాసం చదివి చూసుకున్నాడు. రేపు డిన్నర్‌లో ఇవ్వాల్సినది. ఉష మంచం మీద కూర్చుని మాత్రల డబ్బా సర్దుకుంటోంది.

"మేము ఈ దేశం వచ్చినప్పుడు మనవాళ్లు పేర్లు మార్చుకున్నారు, తిండి మార్చుకున్నారు, బట్ట మార్చుకున్నారు," అన్నాడు అద్దంతో. "కానీ మా ఉష, ఈ నలభై ఐదేళ్లలో ఒక్కరోజు, ఒక్కరోజు కూడా చీర వదల్లేదు."

ఉష డబ్బా మూత పెట్టింది.

"ఆ మాట తీసెయ్యండి."

"ఏ మాట?"

"చీర వదల్లేదన్నది."

"స్పీచ్‌లో పాయింటే అది."

"పియోరియాలో నేను చీర కట్టానా?"

"పియోరియా సంగతి ఇప్పుడెవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏం? నువ్వు చెప్పవుగా," అన్నాడు కృష్ణమూర్తి. కోపంగా కాదు. వాన రాదులే అన్నట్టు అన్నాడు.

*

అతను అన్నదాంట్లో తప్పులేదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు.

1982 డిసెంబరు. పియోరియాలో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో కృష్ణమూర్తి ఇంజనీరు. క్రిస్మస్‌కి అతని బాసు తన కింద పనిచేసేవాళ్లందరినీ ఇంటికి డిన్నర్‌కి పిలిచాడు. ఉషకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆ దేశంలో ఒకరింటికి భోజనానికి వెళ్లడం అదే మొదలు. ఏం కట్టుకోవాలా అని ఆలోచించనే లేదు. పెళ్లిచీర కట్టుకుంది. నెమలికంఠం రంగు, మామిడిపిందెల అంచు. బందరు నుంచి విజయవాడ వెళ్లి, కొట్లో మూడు గంటలు కూర్చుని తనే ఏరుకున్న చీర. ఆ పెళ్లిలో ఆమె ఏరుకున్నది అదొక్కటే.

బాసు భార్య తలుపు తీసి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత అంచు ముట్టుకోవచ్చా అని అడిగింది. ఆవిడ చలికాలమంతా బొంతలు కుట్టేదట. ఆ పిందెలు కుట్టినవా, నేసినవా అని అడిగి, నేసినవంటే నమ్మలేక పైటకొంగు తిరగేసి చూసింది. ఉష తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో మగ్గం గురించి చెప్పింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఉష ఇవాళ్టికీ ఆ మాట మీద ప్రమాణం చేయగలదు.

తిరిగి వచ్చేటప్పుడు కృష్ణమూర్తి కారు హీటరు పెంచాడు. తర్వాత, "అందరూ నవ్వారు," అన్నాడు.

"ఎవరండీ?"

"నీకు కనపడలేదులే. నేనేదో సర్కస్ వెంటబెట్టుకొచ్చినట్టు చూశారు."

మర్నాడు ఆమెను పెద్ద బట్టల దుకాణానికి తీసుకెళ్లి రెండు పాలియెస్టర్ ప్యాంట్లు కొన్నాడు, ఒకటి గోధుమరంగు, ఒకటి నీలం. రెండూ పొడుగైతే ఆమె అంచులు మడిచి కుట్టుకుంది. ఇంటికొచ్చాక ఆమె తెచ్చుకున్న ఐదు చీరలూ సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన గుత్తికి తగిలించుకున్నాడు. "ఇండియా వెళ్లినప్పుడు కట్టుకుందువుగాని," అన్నాడు. సూట్‌కేసు ఇంటి కిందున్న బేస్‌మెంట్‌లోకి పోయింది. ఆమె బొట్టు ముందు చిన్నదైంది. తర్వాత గోధుమరంగుదైంది. ఆ తర్వాత లేదు.

ఎనభై నాలుగు ఏప్రిల్ వానలకు బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తోడే పంపు పనిచేయలేదు, పంపుల ఇంజనీరు ఇంట్లో. తుడిచి, పిండి, కార్పెట్ పీకి పారేసేసరికి మూడు వారాలైంది. అప్పటికి గాని అతనికి తాళంచెవి తీసివ్వడం గుర్తురాలేదు. లోపల చీరలు ఒకదానికొకటి అంటుకుపోయి బూజు పట్టి ఉన్నాయి. ఉష వాటిని పెరట్లో తీగ మీద ఆరేసింది. అప్పటికి ఆమెకు ఆరో నెల. ఆ మధ్యాహ్నం కృష్ణమూర్తి స్నేహితుడు సూర్యప్రకాశ్ వచ్చాడు. అప్పుడే డాక్టరుగా శిక్షణలో ఉన్నవాడు, ఆదివారాలు వాళ్లింట్లోనే భోంచేసేవాడు. అతని ఎదుటే కృష్ణమూర్తి, "అవి లోపలికి తీసెయ్. పక్కింటివాళ్లు చూస్తారు," అన్నాడు. ఉష తీయబోతే నెమలికంఠం చీర మడత దగ్గర చిరిగి సగం చేతిలోకి వచ్చింది.

తర్వాత ఆమె ప్యాంట్లకే అలవాటు పడింది. అలవాటేమిటి, ఇష్టపడింది. అరోరాకి మారి బ్యాంకులో చేరాక పొద్దున్నే మంచులో బస్సుకి నడవడానికి, కారు నేర్చుకోవడానికి, డబ్బు సొరుగు ముందు ఎనిమిది గంటలు నిలబడడానికి అవే సుఖంగా ఉన్నాయి. ఇంకొకళ్లు తొడిగిందైనా ఇరవై ఏళ్లు తొడుక్కుంటే మనదైపోతుంది. ఆమె దాన్ని తనదనే అనుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక అరోరా, షామ్‌బర్గ్ నిండా తెలుగువాళ్లు వచ్చారు. గుడి వచ్చింది, సంఘం వచ్చింది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు పండగలకు పట్టుచీరలు కట్టుకుని కార్లు దిగుతుంటే కృష్ణమూర్తి ఒక ఉగాదినాడు ఆమెను పైకీ కిందకీ చూసి, "గుడికి ఈ ప్యాంట్లేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. వెనకటికి ప్యాంటు వేసుకోమన్నదీ నలుగురి కోసమే. నలుగురు మారారు, అంతే. ఉష సభలకు చీరలు కట్టడం మొదలుపెట్టింది.

ఆమె చీర వదల్లేదన్న కథ ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియదు. మూడేళ్ల కింద గుడిలో ఉజ్వల వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది. "ఆంటీ, మంచుల గూడ చీర కట్టుకునే సరుకులకి పోయేటోళ్లంట కదా మీరు. అంకుల్ చెప్పిండు. మాకు ఒక్క పూట కట్టుకుంటేనే అలసట వస్తది." ఉష నవ్వి ఊరుకుంది. ఆ పిల్ల ముందు మొగుణ్ని అబద్ధాలకోరు అనడం బాగుండదనుకుంది. ఆ తర్వాత అది సంఘం సంచికలో అచ్చయింది. అప్పుడూ ఊరుకుంది. అది తన తప్పు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

కానీ అవన్నీ ఆమె లేని చోట, ఆమె వెనక అన్న మాటలు. రేపటిది వేరు. చీర మాన్పించిన మనిషి, ఆవిడ చీర మానలేదని ముప్పై ఎనిమిది మంది ముందు చెబుతాడు. ఆ చెప్పేటప్పుడు ఆమె చీర కట్టుకుని పక్కన కూర్చోవాలి, సాక్ష్యంలాగ.

*

"అది తీసేస్తే కట్టుకుంటాను," అంది ఉష. "లేకపోతే కట్టుకోను."

కృష్ణమూర్తి అద్దంలోంచే ఆమెను చూశాడు. ఇది ఇస్తే అది చేస్తానని ఆమె ఎప్పుడూ అన్న మనిషి కాదు.

"ఇది కోర్టు కాదు ఉషా. పిల్లలకి ఏదో నాలుగు మంచి ముక్కలు చెబుదామని."

"చెప్పండి. నా పేరు పెట్టి చెప్పకండి."

"సూర్యం కూడా వస్తున్నాడు, వాడేమనుకుంటాడోననా? వాడేమీ అనుకోడు."

"ఆయన సంగతి కాదు. నేను ఏమనుకుంటున్నానో చెబుతున్నాను."

అతను కాగితం మడిచాడు. "సరేలే. తీసేస్తా," అన్నాడు.

ఆమె నమ్మింది. సాయంత్రం ఓడ కదులుతుంటే బాల్కనీలో కూర్చుని ఒడ్డు దూరమవడం చూసింది. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్లు పట్టిందా అనిపించింది. అడిగితే అయిపోయింది.

*

రెండో రోజు అయిదింటికి ఉజ్వల తలుపు తట్టింది. చేతిలో పిన్నుల డబ్బా, జుట్టు సాఫు చేసుకునే కరెంటు పట్టకారు. కృష్ణమూర్తి అప్పటికే పట్టుపంచె కట్టుకుని, మగవాళ్లంతా మెట్ల మీద ఫొటో దిగుతున్నారని వెళ్లిపోయాడు.

"షిప్‌ల ఇస్త్రీపెట్టె అలౌ చెయ్యరు ఆంటీ, ఫైర్ అయితదంట. చూడుండ్రి నా తెలివి," అంటూ ఉజ్వల కుచ్చిళ్లు ఒక్కొక్కటే ఆ పట్టకారు మధ్య పెట్టి కిందికి లాగింది. మడతలు సాఫుగా పడ్డాయి. మోకాళ్ల మీద కూర్చుని పాదాల దగ్గర అంచు సరిచేసింది. పైట మీద, నడుం దగ్గర, భుజం మీద పిన్నులు పెట్టింది.

"మస్తున్నరు ఆంటీ. వీడియోకి మంచిగ వస్తది."

"వీడియో ఏమిటమ్మా?"

"స్పీచ్‌ది. శ్రీరామ్ తీస్తడు. ఆ చీర వదల్లేదన్న ముక్క వచ్చినప్పుడు మీ మీదికి జూమ్ చెయ్యమని అంకుల్ ఇందాకనే చెప్పిండు. మీకు సర్‌ప్రైజ్ అనుకుంట. అయ్యో, నేనే చెప్పేసిన."

ఉష ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏ కల్మషమూ లేదు.

"నువ్వెళ్లి తయారవమ్మా. ఆలస్యమవుతుంది."

తలుపు మూసుకున్నాక బల్ల మీద కృష్ణమూర్తి ఫైలు తెరిచింది. ఉపన్యాసం రెండు ప్రతులు తీసుకొచ్చుకున్నాడు, ఒకటి జేబులోకి, ఒకటి ఎందుకైనా మంచిదని. ఆ మాట అక్కడే ఉంది. పైగా కింద ఎర్రగీత ఉంది. పక్కన ఖాళీలో అతని ముత్యాల్లాంటి దస్తూరీతో, "ఇక్కడ ఆగాలి. ఉష వైపు చూడాలి," అని ఉంది.

ఆమె కుర్చీలో కూర్చుంది. బఫేకి వెళ్లిపోవచ్చు. పైన ఎవరూ ఏమీ అడగరు, ఇంత అన్నం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చోవచ్చు. కానీ తను లేకపోతే ఆవిడకి ఒంట్లో బాగాలేదని చెబుతాడు. ఖాళీ కుర్చీ వైపు చూసి ఆ మాట ఇంకా సులువుగా అనేస్తాడు. కుర్చీ ఎదురు చెప్పదు.

లేచి అద్దం ముందు నిలబడి పిన్నులు తీయడం మొదలుపెట్టింది. పదకొండు తీశాక ఇంకొకటి వెనక భుజం మీద అందలేదు. లాగితే పైట కొంచెం చిరిగింది. పర్వాలేదనుకుంది.

*

డైనింగ్ హాలు తలుపు దగ్గర హెడ్ వెయిటర్ ఆమె నల్లప్యాంటునూ, బూడిదరంగు చొక్కానూ చూశాడు. "గుడ్ ఈవినింగ్, మేడమ్," అని తల వంచి దారి చూపించాడు. ఓడకు ఆమె బట్టలతో ఏ పేచీ లేదు.

అయిదు గుండ్రటి బల్లల చుట్టూ తెలుగువాళ్లే. చిలకపచ్చ, వంగపండు, గంధం, పసుపు. నడుస్తుంటే ఒక్కొక్క తలే ఆమె వైపు తిరిగింది.

"అయ్యో ఆంటీ, చీరేమైంది? ఏమన్న ఒలికిందా?" అని ఉజ్వల సగం లేచింది.

"లేదమ్మా. విప్పేశాను."

కృష్ణమూర్తి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అవతలి పక్క డాక్టర్ సూర్యప్రకాశ్ ఉన్నారు. ఇప్పుడు రిటైరై, భార్య పోయి, మెడలో బో టై కట్టుకుని మెనూ చదువుకుంటున్నారు. ఉష కూర్చుంది.

"ఏమిటిది?" అన్నాడు కృష్ణమూర్తి పెదవులు కదలకుండా.

"ప్యాంటు."

"కనపడుతోంది. ఎందుకని?"

"పియోరియాలో మీరు కొనిపెట్టారు చూడండి, అలాంటిదే."

ఈలోగా శ్రీరామ్ చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. "అంకుల్, మీరు స్టార్ట్ చెయ్యుర్రి," అని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

కృష్ణమూర్తి లేచి కండువా సర్దుకున్నాడు. గొంతు బాగుంటుంది అతనిది, ఎప్పుడూ. వచ్చిన కొత్తలో జేబులో ఎంతుందో, చలికోటు ఎవరిచ్చారో, మొదటి కారు ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంటే అందరూ నవ్వారు. పేర్లు మార్చుకున్నారన్నాడు. తిండి మార్చుకున్నారన్నాడు. బట్ట మార్చుకున్నారన్నాడు. కాగితం మీద అతని వేలు ఎర్రగీత దగ్గర ఆగడం ఉష చూసింది. అతను ఆగాడు. రాసుకున్నట్టే ఆమె వైపు చూశాడు. శ్రీరామ్ ఫోన్ కూడా ఆమె వైపు తిరిగింది.

ఇప్పుడు దాటేస్తాడు, అనుకుంది ఉష. దాటేయక ఏం చేస్తాడు. ఆమెకు ముందే సంతోషం వేసింది.

కృష్ణమూర్తి కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"రాసుకొచ్చింది పక్కన పెడుతున్నాను. మనసులో మాట చెబుతాను. చూడండి మా ఉషని. ఇక్కడ ఆడవాళ్లందరూ పట్టుచీరల్లో ఉన్నారు, ఉజ్వల చార్టు పెట్టింది కాబట్టి. మా ఆవిడ ప్యాంటు వేసుకొచ్చింది. నేనేమన్నా అన్నానా?" నవ్వులు. అతను చేయెత్తాడు. "ఆ రోజుల్లో నేను కళ్లారా చూశాను. మన మగాళ్లు ఆఫీసులో నామోషీ అని భార్యల చేత చీరలు మాన్పించారు. పాతికేళ్లు పోయాక ఆ మగాళ్లే, నలుగురూ ఏమనుకుంటారు, చీర కట్టుకో అన్నారు. నేను ఆ రెండూ చేయలేదు. నలభై ఐదేళ్లలో ఏం కట్టుకోవాలో ఒక్కరోజు, ఒక్కరోజు కూడా ఆవిడకి చెప్పలేదు. నీ ఇష్టం ఉషా, అన్నాను. పెళ్లి నిలబడాలంటే అంతకంటే ఏమీ అక్కర్లేదు. కుర్రాళ్లూ, రాసుకోండి."

ముందు ఒక బల్ల, తర్వాత అయిదు బల్లలూ చప్పట్లు కొట్టాయి. ఉజ్వల కాటుక చెదరకుండా వేలి కొసతో కళ్లు ఒత్తుకుంది.

"అబద్ధం," అంది ఉష.

గట్టిగానే అంది. చప్పట్లు ఆగాయి.

"నా ఐదు చీరలూ సూట్‌కేసులో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి అవి కుళ్లిపోయాయి. పెళ్లిచీర కూడా."

ఎక్కడో ఒక ఫోర్కు పళ్లెం మీద పడింది. తర్వాత శ్రీరామ్ పకపకా నవ్వాడు. "అంకుల్, ఆంటీ మిమ్మల్ని ఏసుకున్నరు పో." దాంతో అందరూ నవ్వారు. ఊపిరి తీసుకోవడానికి దారి దొరికినట్టు నవ్వారు.

కృష్ణమూర్తి రెండు చేతులూ పైకెత్తాడు. "చూశారుగా. ఫ్రీడమ్ ఇస్తే ఇలాగే ఉంటుంది."

ఇంకా పెద్ద నవ్వు. ఉష అతన్ని దాటి అవతలికి వంగింది.

"డాక్టరు గారూ, మీరు చెప్పండి. మీరు చూశారు."

సూర్యప్రకాశ్ మెనూ దించారు. ఆమె వైపు చూసి, కృష్ణమూర్తి వైపు చూసి, నాప్కిన్‌తో పొడిగా ఉన్న పెదవులు తుడుచుకున్నారు.

"మొగుడూ పెళ్లాల మధ్యలోకి నన్ను లాగకమ్మా. నాకసలే బీపీ," అన్నారు.

ఆ మాటకి లేచిన నవ్వు ఆగకముందే వెయిటర్లు ఎనిమిది మంది కేకుతో వచ్చి బల్ల చుట్టూ నిలబడి పాట అందుకున్నారు. "ఆంటీ, కొంచెం అంకుల్ దిక్కు జరగుండ్రి," అంది ఉజ్వల. కృష్ణమూర్తి ఆమె భుజం చుట్టూ చేయి వేశాడు. ఆ చేయి బిగుసుకుని లేదు, తేలిగ్గా ఉంది. అతనికి కోపం పోయింది. నిజానికి అతను సంతోషంగా ఉన్నాడు.

*

భోజనాలయ్యాక కృష్ణమూర్తి కుర్రాళ్లతో ఇంకా మాట్లాడుతుంటే ఉష లిఫ్టు దగ్గరికి వచ్చింది. సూర్యప్రకాశ్ అక్కడే ఉన్నారు. ఇద్దరూ తలుపు మీది అంకెలు చూస్తూ నిలబడ్డారు.

"ఆ చీర తీగ మీంచి తీస్తుంటే చిరిగింది," అన్నారు ఆయన. "నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. నువ్వు దాన్ని మడత పెట్టి లోపలికి తీసుకెళ్లావు, ఇంకా పనికొస్తుందన్నట్టు. నాకు గుర్తుందమ్మా."

"మరి అక్కడ అనలేదేమండీ?"

"పెళ్లిరోజు కదమ్మా. నలుగురిలో ఎలా అంటాం?"

"నలుగురిలో అడిగానండీ నేను. ఇక్కడ చెబితే నాకెందుకు?"

లిఫ్టు వచ్చింది. లోపల తడి తువ్వాళ్లతో అమెరికన్ కుటుంబం ఒకటి ఉంది. "నేను తర్వాత దాంట్లో వస్తాలే," అన్నారు సూర్యప్రకాశ్.

*

మర్నాడు పొద్దున్న బఫేలో కృష్ణమూర్తి గుడ్లూ, బంగాళదుంపలూ పెట్టుకొచ్చి ఫోన్ తీశాడు. శ్రీరామ్ వీడియో గ్రూపులో పెట్టాడు. అరోరాలో మిగిలినవాళ్లూ చూశారు. ఉష అన్న మాటలు వీడియోలో లేవు. చప్పట్ల దగ్గర కత్తిరించాడు. కృష్ణమూర్తి కింద ఉన్న వ్యాఖ్యలు ఒక్కొక్కటే పైకి చదివాడు. సంఘం వాళ్లు ఇదే విషయం మీద వచ్చే సంచికకు వ్యాసం అడిగారట. ఒకావిడ తన మొగుడికి దీన్ని రోజూ చూపిస్తానని రాసింది.

"ఇదిగో, అవని," అన్నాడు. ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "'నాన్నా, ఐ నెవర్ న్యూ దిస్. సో ప్రౌడ్ ఆఫ్ యూ.' చూశావా? హార్టులు పెట్టింది, మూడు."

ఉష టీలో పాలు పోసుకుంది. అతని ముఖంలోకి చూసింది, అక్కడ ఎక్కడైనా కొంచెం సిగ్గు ఉందేమోనని. లేదు. దాచుకున్నదీ లేదు. రాత్రి చెప్పినదంతా పొద్దుటికి అతనికి జరిగినదైపోయింది.

పక్క బల్ల దగ్గరికి శ్రీరామ్ వాళ్లు ప్లేట్లతో వచ్చారు. ఉజ్వల చెయ్యూపింది. కృష్ణమూర్తి కొంచెం గొంతు పెంచాడు.

"ఇవాళ చార్టులో అందరికీ తెలుపట. నీకేమన్నా రూలా? నీ ఇష్టం వచ్చింది వేసుకో ఉషా."

"అంకుల్ కాడ నేర్చుకో," అంది ఉజ్వల మొగుడితో.

కృష్ణమూర్తి నవ్వి, వాళ్లు అటు తిరిగాక ఉష వైపు వంగాడు.

"మరీ తెల్లగా ఉన్నది వద్దు," అన్నాడు మెల్లగా. "నేనింకా బతికే ఉన్నాను. ఎర్ర అంచున్నది ఉందిగా, అది కట్టుకో."

ఉష కప్పు రెండు చేతులతో పట్టుకుని అతన్ని చూసింది. నిజమే, బతికే ఉన్నాడు. ప్లేటు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మళ్లీ వడ్డించుకోవడానికి లేచాడు. దారిలో ఇద్దరు ఆపి కరచాలనం చేశారు.